మెడిసిన్ అప్లికేషన్ ప్లానింగ్ ప్యాకేజీ: 640 పౌండ్లు పెట్టాక నా అనుభవం

నేను ఇండియాలో బి.ఫార్మసీ చేశాను. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చి, కొన్నాళ్లు మందుల షాపులో డిస్పెన్సర్‌గా, తర్వాత ఆస్పత్రిలో పెద్దవాళ్ల వార్డులో హెల్త్ కేర్ అసిస్టెంట్‌గా పనిచేశాను. డాక్టర్ అవ్వాలన్న కోరిక ఇంటర్‌లో ఉన్నప్పటిది. అది మళ్లీ గట్టిగా పట్టుకున్నది మాత్రం ఆ వార్డులోనే. అప్పటికి నాకు ముప్పై దాటాయి, పాప స్కూలుకి వెళ్తోంది. డిగ్రీ ఉన్నవాళ్లు నాలుగేళ్లలో మెడిసిన్ పూర్తిచేసే గ్రాడ్యుయేట్ ఎంట్రీ కోర్సులు ఈ దేశంలో ఉన్నాయని నాతో పనిచేసే నర్సు చెబితేనే తెలిసింది. ఆ రాత్రి షిఫ్ట్ అయిపోయి ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

అప్లికేషన్‌కి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక 2023 ఏప్రిల్‌లో ఒక ట్యూషన్ సంస్థ దగ్గర ప్యాకేజీ కొన్నాను. 640 పౌండ్లు. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను కొన్నాక వాళ్ల దగ్గర మనుషులు మారి ఉండొచ్చు. పైగా ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, అన్నిటి వరసా దాదాపు ఇదే. అందులో ఏముంటుంది, ఏది పనికొస్తుంది, ఏది మనమే చేసుకోవచ్చు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. మొదటి ఏడాది నాలుగు చోట్లా రిజెక్ట్ అయ్యాను. రెండో ఏడాది సీటు వచ్చింది. రెండు ఏళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడ వచ్చిందో నాకు బాగా అర్థమైంది.

ప్యాకేజీలో ఇచ్చినవి ఇవి: 45 నిమిషాల ప్లానింగ్ కాల్, ఆ తర్వాత మన పేరుతో ఒక ప్లాన్ పీడీఎఫ్, జులైలో యూక్యాట్ అనే మెడిసిన్ ప్రవేశ పరీక్షకి రెండు రోజుల క్లాసు, పర్సనల్ స్టేట్‌మెంట్ (అప్లికేషన్‌లో మన గురించి మనం రాసే వ్యాసం) మూడుసార్లు దిద్దడం, రెండు మాక్ ఇంటర్వ్యూలు.

ప్లానింగ్ కాల్‌లో మాట్లాడిన అమ్మాయి మెడిసిన్ నాలుగో ఏడాది చదువుతోంది. చాలా మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడింది. ఆమె చెప్పిన ఒక మాటకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. వార్డులో చేసే ఉద్యోగమే మీ బలం, ఈరోజు నుంచే డైరీ రాయండి, ఏం చేశారో కాదు, ఏం చూశారో, ఏం అనిపించిందో రాయండి అంది. ఆ రోజే నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి కొన్నాను. తర్వాత ఇంటర్వ్యూల్లో నేను చెప్పిన ప్రతి ఉదాహరణా దానిలోంచి వచ్చిందే.

వారం తర్వాత పీడీఎఫ్ వచ్చింది. పద్నాలుగు పేజీలు, రంగురంగుల టేబుళ్లు. చూడగానే ధైర్యం వచ్చింది. యూకాస్‌లో, అంటే యూనివర్సిటీలన్నిటికీ కలిపి అప్లికేషన్లు తీసుకునే సంస్థలో, ఐదు ఛాయిస్‌లు ఉంటే మెడిసిన్‌కి నాలుగే పెట్టుకోవాలి కదా. ఆ నాలుగింటిలో రెండు గ్రాడ్యుయేట్ ఎంట్రీ కోర్సులు, మిగతా రెండు ఏ100 అనే మామూలు ఐదేళ్ల కోర్సులు సూచించారు. గ్రాడ్యుయేట్ ఎంట్రీలో పోటీ ఎక్కువ కాబట్టి ఐదేళ్ల కోర్సులు సేఫ్ అని కింద రాశారు. నేను నమ్మాను. మే నుంచి సెప్టెంబర్ దాకా ఆ నాలుగు పేర్లే మనసులో పెట్టుకుని తిరిగాను.

సెప్టెంబర్ రెండో వారంలో మా ఆయన ఖర్చుల లెక్క వేద్దామని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. స్టూడెంట్ ఫైనాన్స్ నిబంధనలు చదువుతూ చదువుతూ ఆగిపోయి, "ఇది చూశావా?" అన్నారు. అప్పటి నిబంధనల ప్రకారం ఇంగ్లండ్‌లో, ఇప్పటికే ఒక డిగ్రీ ఉన్నవాళ్లు రెండో డిగ్రీగా ఐదేళ్ల మెడిసిన్‌లో చేరితే మొదటి నాలుగేళ్లు ట్యూషన్ ఫీజు లోన్ రాదు. ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ లోన్ వస్తుంది గానీ ఫీజు మాత్రం మన జేబులోంచే కట్టాలి. ఎన్‌హెచ్ఎస్ బర్సరీ, అంటే తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం, ఐదో ఏడాదికే అందుతుంది. అప్పట్లో ఫీజు ఏడాదికి 9,250 పౌండ్లు. నాలుగేళ్లకి 37,000. అదే నాలుగేళ్ల గ్రాడ్యుయేట్ ఎంట్రీ కోర్సు అయితే మొదటి ఏడాది 3,465 పౌండ్లు మనం కట్టుకుంటే మిగిలిన 5,785కి లోన్ ఇచ్చేవారు, రెండో ఏడాది నుంచి ఫీజులో కొంత బర్సరీ, మిగతాది లోన్. ఇండియాలో చేసిన డిగ్రీని కూడా డిగ్రీగానే లెక్కేస్తారు కాబట్టి నాది మొదటి డిగ్రీ కాదు.

37,000 పౌండ్లు మా దగ్గర లేవు. వచ్చే దారీ లేదు. అంటే ప్లాన్‌లో సేఫ్ అని రాసిన రెండు కోర్సుల్లో సీటొచ్చినా నేను చేరలేను. ఆ రాత్రి మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

సంస్థకి మెయిల్ పెట్టాను. ఫైనాన్స్ మా పరిధిలోకి రాదు, కాలేజీల ఎంపిక అర్హతల ఆధారంగా చేస్తాం అని జవాబు వచ్చింది. ఈ విషయంలో నా కోపం ఇంకా పోలేదు. డిగ్రీ ఉండి మెడిసిన్‌కి వెళ్లాలనుకునే మనిషికి సలహా ఇవ్వడానికి డబ్బు తీసుకున్నవాళ్లు, ఆ మనిషి అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్నని పరిధి బయట పెట్టకూడదు. కనీసం మొదటి పేజీలో ఒక్క లైన్, "ఫీజు లోన్ వస్తుందో లేదో ముందు చూసుకోండి" అని రాసి ఉంటే చాలు.

గడువు దగ్గర పడుతోంది. మెడిసిన్‌కి యూకాస్ గడువు మామూలుగా అక్టోబర్ 15 (ఆ ఏడాది 16) సాయంత్రం ఆరు గంటలు, మిగతా చాలా కోర్సుల్లా జనవరి దాకా సమయం ఉండదు. రెండు ఛాయిస్‌లు హడావిడిగా మార్చాలి. గ్రాడ్యుయేట్ల కోసం పెట్టే గామ్‌శాట్ అనే ఇంకో ప్రవేశ పరీక్ష స్కోరుతో తీసుకునే యూనివర్సిటీలు చూద్దామంటే సెప్టెంబర్ పరీక్షకి రిజిస్ట్రేషన్ వేసవిలోనే ముగిసిపోయింది. చివరికి యూక్యాట్ చూసే గ్రాడ్యుయేట్ కోర్సులు మరో రెండు వెతికి పెట్టాను, వాటి అడ్మిషన్ పాలసీ పూర్తిగా చదవకుండానే.

రిఫరెన్స్, అంటే మన గురించి తెలిసినవాళ్లు రాసే సిఫారసు, దాని సంగతి కూడా ప్లాన్‌లో ఒక్క లైనే ఉంది, "రిఫరీని సిద్ధం చేసుకోండి" అని. స్కూల్లో చదివే పిల్లలకైతే స్కూలే చూసుకుంటుంది. మనలాంటివాళ్లు మనిషిని వెతుక్కోవాలి. రిఫరెన్స్ లేకుండా అప్లికేషన్ యూకాస్‌కి చేరదు, మనం ఎంత ముందుగా నింపినా ఉపయోగం లేదు. మా కాలేజీ ప్రొఫెసర్ రిటైరయ్యారు. ఫోన్ నంబర్ సంపాదించి, ఆయనకి ఆ పోర్టల్ ఎలా వాడాలో వీడియో కాల్‌లో చూపిస్తూ, అక్టోబర్ 14 రాత్రి పంపగలిగాం. ఆయనకి ఎప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ అంత టెన్షన్ పడాల్సిన పని కాదది. మే నెలలోనే మొదలుపెడితే ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని.

ఇక యూక్యాట్ క్లాసు. జులైలో శని, ఆదివారాలు, ఆన్‌లైన్, మేం నలభై మందికి పైగా ఉన్నాం. చెప్పిన అబ్బాయి తెలివైనవాడు, ప్రశ్నలన్నీ చకచకా చేసి చూపించాడు. చూస్తుంటే అన్నీ అర్థమవుతాయి. మర్నాడు మనం చేయబోతే చేతికి రావు. ఈ పరీక్షలో తెలివి కంటే గడియారంతో పని ఎక్కువ. అప్పటి వెర్బల్ రీజనింగ్‌లో 44 ప్రశ్నలకి 21 నిమిషాలు. పదకొండు పేరాలు, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు. అంటే ఒక పేజీ నిండా ఉన్న ఇంగ్లీష్ చదివి, నాలుగు జవాబులు పెట్టి, రెండు నిమిషాల్లోపే బయటపడాలి. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన నాలాంటి మనిషికి ఇది రెండు రోజుల క్లాసుతో వచ్చే విద్య కాదు. రోజూ చేయాలి. క్లాసులో మాత్రం వెర్బల్‌కి గంటన్నర ఇచ్చి, అబ్‌స్ట్రాక్ట్ రీజనింగ్ బొమ్మలకి ఒక పూటంతా పెట్టారు.

ఆగస్టు చివర్లో రాశాను. మొత్తం 3600కి 2430, వెర్బల్ 540. ఒక సీజన్‌లో ఒక్కసారే రాయనిస్తారు, ఆ స్కోరు ఆ ఏడాదికే చెల్లుతుంది. బాగా రాలేదని మళ్లీ వెళ్లడం కుదరదు.

పర్సనల్ స్టేట్‌మెంట్ దిద్దడం గురించి చెప్పాలంటే నాకు కొంచెం బాధగా ఉంటుంది. నా మొదటి డ్రాఫ్ట్‌లో ఒక పెద్దాయన గురించి రాశాను. స్ట్రోక్ వచ్చిన మనిషి, మింగడం కష్టం, నీళ్లలో చిక్కబరిచే పొడి కలిపి ఇవ్వాలి. ఆయన మూడు రోజులు ఆ చిక్కటి నీళ్లు ముట్టలేదు. నాలుగో రోజు స్పీచ్ థెరపిస్టు వచ్చి, మంచం తల వైపు పైకెత్తి, ఆయన కళ్లకి ఎదురుగా, అదే ఎత్తులో కూర్చుని, చెంచాడు తను తాగి చూపించింది. తర్వాత ఆయన నోరు తెరిచారు. మందు కంటే ముందు మనిషి పక్కన కూర్చోవాలని నేను ఆ రోజు చూశానని రాశాను. దిద్ది పంపిన కాపీలో ఆ పేరా మొత్తం కొట్టేసి ఉంది. దాని చోట చిన్నప్పటినుంచి మానవ శరీరం అంటే అమితమైన ఆసక్తి అని అర్థం వచ్చే మూడు వాక్యాలు, నేను జన్మలో వాడని ఇంగ్లీష్ మాటలతో ఉన్నాయి. రెండోసారి, మూడోసారి కూడా అంతే, ప్రతిసారీ వేరే మనిషి దిద్దారు, ఒకరు పెట్టింది ఇంకొకరు తీశారు. యూకాస్ వాళ్లు ప్రతి స్టేట్‌మెంట్‌నీ పాత స్టేట్‌మెంట్లతో పోల్చి చూస్తారు. అరువు వాక్యాలు పెట్టుకోవడం ప్రమాదం కూడా. ఆ మాటైనా వాళ్లు చెప్పలేదు.

ఆ చలికాలం నాలుగు రిజెక్షన్లు వరసగా వచ్చాయి. ఒక్క ఇంటర్వ్యూ పిలుపూ లేదు. దాంతో నేను డబ్బు కట్టిన రెండు మాక్ ఇంటర్వ్యూలు వాడుకోలేదు. వచ్చే ఏడాదికి జరుపుతారా అని అడిగితే, కొన్న తేదీ నుంచి పన్నెండు నెలలే చెల్లుబాటు అన్నారు. 2024 ఏప్రిల్‌తో అవి పోయాయి. మీరు ఏ ప్యాకేజీ కొన్నా ఈ గడువు ముందే అడిగి, రాతపూర్వకంగా తెప్పించుకోండి. మెడిసిన్ అప్లికేషన్ ప్రిపరేషన్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇంటర్వ్యూ అయ్యేదాకా పది, పదకొండు నెలలు సులువుగా పడుతుంది. ఏడాది గడువంటే మొదటిసారికే సరిపోదు కొందరికి.

2024 జనవరిలో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరి పీడీఎఫ్ లేదు. పాప లెక్కల నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు చింపి, ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో పేజీ పెట్టుకున్నాను. మెడికల్ స్కూల్స్ కౌన్సిల్ సైట్‌లో అన్ని మెడికల్ స్కూళ్ల అర్హతలూ ఒకచోట ఉంటాయి. అక్కడ మొదలుపెట్టి, తర్వాత ప్రతి యూనివర్సిటీ సొంత అడ్మిషన్ పాలసీ చదివాను. ఉచితంగా దొరికే ఈ రెండూ చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది, రాత్రి షిఫ్టులు లేని రోజుల్లో. 640 పౌండ్ల ప్లాన్ కంటే ఆ మూడు వారాలే నాకు సీటు తెచ్చిపెట్టాయని గట్టిగా నమ్ముతున్నాను.

చదివితే తెలిసింది, ఒక్కో చోట జల్లెడ ఒక్కో రకం. వారిక్, స్వాన్సీల్లో నాలుగేళ్ల మెడిసిన్ గ్రాడ్యుయేట్లకి మాత్రమే. వారిక్‌కి ఏ సబ్జెక్టులో డిగ్రీ అయినా పరవాలేదు, చరిత్ర చదివినవాళ్లూ రావచ్చు, కానీ మంచి క్లాసు ఉండాలి, యూక్యాట్ ఉండాలి, ఆరోగ్య రంగంలో పని అనుభవం గంటల లెక్కన చూపించాలి. స్వాన్సీ గామ్‌శాట్ చూసింది. ఇంకొన్ని చోట్ల డిగ్రీ సైన్స్‌లోనే ఉండాలంటారు, ఇంకొన్ని చోట్ల ఇంటర్ స్థాయిలో కెమిస్ట్రీ కావాలంటారు. యూక్యాట్ మొత్తం చూసేవాళ్లున్నారు, వెర్బల్‌ని విడిగా చూసేవాళ్లున్నారు. నా మొదటి ఏడాది హడావిడిలో పెట్టిన ఒక ఛాయిస్ సరిగ్గా వెర్బల్‌ని విడిగా చూసే చోటే. 540తో అక్కడ పెట్టడమంటే ఒక ఛాయిస్ చేతులారా పారేసుకోవడమే.

ఇండియా డిగ్రీ ఉన్నవాళ్లకి ఇంకో మెట్టు ఉంది. ఇక్కడి 2:1కి, అంటే అప్పర్ సెకండ్ క్లాసుకి, మన మార్కుల్లో ఎంత శాతం అన్నది అందరూ ఒకేలా చూడరు. నేను అడ్మిషన్ ఆఫీసులకి మెయిల్ పెట్టి అడిగాను. ఇద్దరు 60 శాతం చాలన్నారు, ఒకరు 65 కావాలన్నారు. నాది 67. ఇంకొకరు విదేశీ డిగ్రీల స్థాయిని తేల్చే సంస్థ యూకే ఎనిక్ నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆ జవాబులన్నీ ప్రింట్ తీసి ఆయా పేజీలకి పిన్ను కొట్టుకున్నాను. అడ్మిషన్ ఆఫీసుల్లో మనుషులు చాలా ఓపిగ్గా జవాబిస్తారు, భయపడకుండా అడగండి. ఇంగ్లీష్ పరీక్ష కావాలా వద్దా, ఇక్కడివాళ్లకుండే తక్కువ ఫీజు (హోమ్ ఫీజు) వర్తిస్తుందా లేదా అన్నదీ ఇలాగే ముందే తేల్చుకోవాలి. మాకు శాశ్వత నివాసం వచ్చింది, మూడేళ్లకి పైగా ఇక్కడే ఉన్నాం కాబట్టి నాకు హోమ్ ఫీజు వర్తించింది. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం వేరే ఏదీ మొదలుపెట్టకముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఈసారి గామ్‌శాట్ మార్చిలో రాశాను. ఏడాదికి రెండుసార్లు పెడతారు, మార్చిలో, సెప్టెంబర్‌లో. సెప్టెంబర్‌లో రాస్తే ఫలితం వచ్చేసరికి అక్టోబర్ 15 దాటిపోతుంది, స్కోరు తెలియకుండానే ఛాయిస్ పెట్టాలి. మార్చిలో రాస్తే వేసవి నాటికి స్కోరు చేతిలో ఉంటుంది. దాన్ని బట్టి గామ్‌శాట్ చూసే చోటు పెట్టాలా వద్దా అని తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. ఇంత చిన్న లెక్క మొదటి ఏడాది నాకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష మూడు భాగాలు. ఒకటి సాహిత్యం, సమాజం గురించిన పేరాలు, రెండోది రెండు వ్యాసాలు, మూడోది సైన్స్. సైన్స్‌లో బయాలజీ, కెమిస్ట్రీ చెరో 40 శాతం, ఫిజిక్స్ 20. మొత్తం స్కోరులో సైన్స్‌ని రెట్టింపు లెక్కేస్తారు. క్యాలిక్యులేటర్ ఇవ్వరు. ఫార్మసీ చదివినవాళ్లకి ఆర్గానిక్ కెమిస్ట్రీ చెయ్యి తిరిగిన పని, అది నాకు కలిసొచ్చింది. వ్యాసాల దగ్గర భయపడ్డాను. వారానికి మూడు రాసి మా వార్డులో ఒక స్టూడెంట్ నర్సుకి చూపించేదాన్ని, ఆ అమ్మాయి ఇంగ్లీష్ సాహిత్యం డిగ్రీ చేసి నర్సింగ్‌కి వచ్చింది. నీ పెద్ద మాటలు తీసెయ్, నువ్వు మాట్లాడినట్టే రాయి అనేది ప్రతిసారీ. వ్యాసాల్లో 64 వచ్చింది, మొదటి భాగంలో 58, సైన్స్‌లో 60. మొత్తం 61.

యూక్యాట్‌కి ఈసారి క్లాసు తీసుకోలేదు. యూక్యాట్ వాళ్ల సొంత సైట్‌లో ట్యుటోరియళ్లు, ప్రశ్నల బ్యాంకులు, పూర్తి ప్రాక్టీసు పరీక్షలు ఉచితంగా ఉన్నాయి. ఇంకొన్ని ప్రశ్నలు కావాలని రెండు నెలలకి ఒక ఆన్‌లైన్ బ్యాంకుకి డబ్బు కట్టాను. మొదటి ఏడాది అధికారిక సైట్‌ని నేను సరిగ్గా తెరవనేలేదు, డబ్బు కట్టిన క్లాసు ఉంది కదా అని. అందులోనే తెలిసింది, మౌస్ అక్కర్లేకుండా ఆల్ట్ నొక్కి ఎన్ కొడితే తర్వాతి ప్రశ్న, ఆల్ట్ నొక్కి ఎఫ్ కొడితే ఆ ప్రశ్నకి గుర్తు పడుతుందని. తెర మీద వచ్చే క్యాలిక్యులేటర్‌ని కీబోర్డు కుడివైపు ఉండే అంకెల మీటలతో వాడుకోవచ్చని. నా లాప్‌టాప్‌లో ఆ మీటలు లేవు. మా ఆయన పాత ఆఫీసు కీబోర్డు ఒకటి తెచ్చి తగిలించారు. రెండు నెలలు దాని మీదే చేశాను. పరీక్ష సెంటర్‌లో కూర్చునేసరికి చూడకుండానే వేళ్లు వాటంతటవే అంకెల మీదకి వెళ్లాయి. లెక్కల భాగంలో ఒక్కో ప్రశ్నకి మూడు సెకన్లు మిగిలినా 36 ప్రశ్నలకి దాదాపు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో రెండు ప్రశ్నలైనా ఎక్కువ చేయొచ్చు.

వెర్బల్‌కి రోజూ పొద్దున షిఫ్ట్‌కి ముందు రెండు సెట్లు, టైమర్ పెట్టుకుని. ముందు ప్రశ్న చదవడం, అందులోని ముఖ్యమైన మాట పట్టుకుని పేరాలో వెతకడం, నచ్చినా నచ్చకపోయినా రెండు నిమిషాలు కాగానే వదిలేయడం. వదిలేయడమే కష్టం. మనం చదువుకున్న పద్ధతిలో అర్థం కాకుండా ముందుకెళ్లడం తప్పు కదా. ఇక్కడ అదే నేర్చుకోవాలి. ఫలానా పరిస్థితిలో ఏం చేయాలి అని అడిగే సిట్యుయేషనల్ జడ్జిమెంట్ భాగానికి, డాక్టర్లని నియంత్రించే జీఎంసీ వాళ్ల గుడ్ మెడికల్ ప్రాక్టీస్ అనే నియమావళి చదివాను. కొత్త ప్రతి 2024 జనవరి 30 నుంచి అమల్లో ఉంది, అదీ ఉచితమే. ఈసారి 2810 వచ్చింది, వెర్బల్ 690, సిట్యుయేషనల్ జడ్జిమెంట్‌లో బ్యాండ్ 2.

ఆ స్కోర్లతో నాలుగూ గ్రాడ్యుయేట్ కోర్సులే పెట్టాను, మూడు యూక్యాట్ చూసేవి, ఒకటి గామ్‌శాట్ చూసేది. స్టేట్‌మెంట్‌లో మింగలేని ఆ పెద్దాయన పేరా మళ్లీ పెట్టాను, నా మాటల్లోనే. రిఫరెన్స్ ఆగస్టులోనే వచ్చింది. సెప్టెంబర్ ఆఖరి వారంలో 28 పౌండ్ల 50 పెన్నీల ఫీజు కట్టి పంపేశాను. రెండు ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి.

అప్పుడు అదే సంస్థకి మళ్లీ ఫోన్ చేశాను. ఎందుకంటే మాక్ ఇంటర్వ్యూలు చేసేది పనిచేస్తున్న డాక్టర్లని తెలుసు. విడిగా అమ్ముతారా అంటే, గంటకి 95 పౌండ్లన్నారు. రెండు కొన్నాను. వాళ్ల సర్వీసు మొత్తంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఇదే.

ఇక్కడ ఇంటర్వ్యూ అంటే ఎంఎంఐ, ఒక్కో చోట కొన్ని నిమిషాల చొప్పున వరసగా చిన్న చిన్న స్టేషన్లు. మొదటి మాక్ చేసిన డాక్టర్ ఒక పాత్ర వేశారు. నేను మెడికల్ స్టూడెంట్‌ని, ఆవిడ నా తోటి స్టూడెంట్, షిఫ్ట్ మారేటప్పుడు ఇచ్చే, పేషెంట్ల పేర్లున్న హ్యాండోవర్ కాగితం బస్సులో మర్చిపోయింది, ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలుతోంది. నేను వెంటనే మొదలుపెట్టాను. ఇది పేషెంట్ల గోప్యత విషయం, సూపర్‌వైజర్‌కి చెప్పాలి, బస్సు కంపెనీకి ఫోన్ చేయాలి, నేను నీతో వస్తాను. అన్నీ సరైన మాటలే. ఆవిడ టైమర్ ఆపి, "నలభై సెకన్లలో తీర్పు చెప్పేశారు. ఆ అమ్మాయి ఏడుస్తోంది, మీరు చూశారా?" అన్నారు. నేను చూడలేదు. ఆవిడ నిజంగానే కళ్లు తుడుచుకుంటూ నటించారు, నేను మాత్రం జవాబు వెతుక్కుంటున్నాను. వార్డులో ఇలాగే చేస్తారా అని అడిగారు. చేయను. వార్డులో ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాను. "మరి ఇక్కడెందుకు నిలబడి ఉన్నారు?" అన్నారు.

మళ్లీ చేశాం. ఈసారి నేను మొదట అడిగింది, కాగితం పోయిందని ఎప్పుడు చూసుకున్నావు, అప్పట్నుంచి ఒక్కదానివే టెన్షన్ పడుతున్నావా అని. ఆవిడ పాత్రలోనే ఉండి, మెల్లగా జరిగిందంతా చెప్పారు. ఎవరికి చెప్పాలో చివరికి ఆ అమ్మాయి నోటితోనే వచ్చింది. ఆ గంట చివర్లో ఆవిడ నా తప్పులన్నీ చేత్తో రాసిన కాగితం ఫోటో తీసి పంపారు. తల ఊపుతూ వినడం బాగుంది, చేతులు కట్టుకోకండి, "నా అనుభవంలో" అని పదకొండుసార్లు అన్నారు, అలా రాసి ఉంది. ఇది ఇంట్లో అద్దం ముందు కూర్చుని మనం కనిపెట్టగలిగేది కాదు. ఎదుట ఒక కొత్త మనిషి ఉండాలి, ఆ మనిషికి ఈ పని తెలిసి ఉండాలి, మొహమాటం లేకుండా చెప్పాలి. 95 పౌండ్లు ఎక్కువే, కానీ ఆ డబ్బుకి పూర్తి విలువ దక్కింది.

రెండు ఇంటర్వ్యూల్లో ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో చేరాను.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లకి ఇంకో జాగ్రత్త. నేను అప్లై చేసినప్పటికి, ఇప్పటికి రూల్స్ మారాయి. 2025 నుంచి యూక్యాట్‌లో అబ్‌స్ట్రాక్ట్ రీజనింగ్ లేదు, మొత్తం 3600కి బదులు 2700. పాత కటాఫ్‌లు చూపించి మీ స్కోరు చాలదనో, చాలనో చెప్పేవాళ్లని నమ్మొద్దు. 2026లో చేరేవాళ్ల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ ఒకే వ్యాసంగా కాకుండా మూడు ప్రశ్నలకి జవాబులుగా రాయాలి, అన్నీ కలిపి 4,000 అక్షరాలే. బీమ్యాట్ అనే ఇంకో మెడిసిన్ ప్రవేశ పరీక్ష 2023తోనే ఆగిపోయింది, ఇంకా ఎవరైనా ప్యాకేజీలో దాని పేరు రాస్తే ఆ పీడీఎఫ్ ఎప్పటిదో అడగండి. ఏ పరీక్ష ఏ యూనివర్సిటీ చూస్తుందన్నది కూడా ఏటా మారుతోంది. అందుకే స్వాన్సీ గురించి, వారిక్ గురించి నేను పైన రాసింది కూడా మీరు అప్లై చేసే ఏడాది వాళ్ల పేజీలో మళ్లీ చూసుకోండి.

నన్ను అడిగితే ప్లానింగ్ కాల్‌కి, పీడీఎఫ్‌కి, రెండు రోజుల క్లాసుకి, స్టేట్‌మెంట్ దిద్దడానికి డబ్బు పెట్టొద్దు. స్టేట్‌మెంట్‌ని మిమ్మల్ని పనిలో చూసిన మనిషికి చూపించండి, ఇది నువ్వేనా అని అడగమనండి. మాక్ ఇంటర్వ్యూకి మాత్రం పెట్టండి, అదీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చాకే, విడిగా. డాక్టర్లు డ్యూటీలు చూసుకుని చేస్తారు కాబట్టి జనవరిలో స్లాట్లు తొందరగా అయిపోతాయి. పిలుపు మెయిల్ వచ్చిన రోజే ఫోన్ చేయండి. నాకు రెండో మాక్ దొరికింది అసలు ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి.